ఊకె అనకూడదు

రాజేశ్వరి మేడం ముందు అనకూడని మాట ఒక్కటే: ఊకె. తిట్టినా ఊరుకుంటారు గానీ ఆ మాట అన్నవాళ్ళను వదలరు.

హనుమకొండ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతారు. పరిశోధనల కోసం ఆమెను ఊళ్ళు తిప్పే ఆటో సదానందానిది. మొదటిరోజే పాపం, "ఊకెనే ఉన్న, కూసోండి మేడం" అన్నాడు. పరకాల దాకా విచారణ సాగింది. పొద్దున ఆటో ఎవరు కడిగారు? చాయ్ ఎవరు పెట్టారు? తన పెండ్లామన్నాడు. ఆమె ఏం పని చేస్తుంది?

"ఏం లేదు మేడం, ఊకెనే ఉంటది."

బండి ఆపించి మరీ చివాట్లు పెట్టారు.

ఒక పెళ్ళిలో "ఊకెనే కూసున్న" అన్న పెళ్ళికొడుకు తల్లిని, పొద్దున్నుంచి ఏమేం చేసిందో తలంబ్రాలు పడేదాకా అడిగారు.

నిజానికి ఆ మాట వింతదే. కృష్ణ దాటితే ఊరికే అవుతుంది. వరంగల్ దిక్కున ఊకె అంటే పనిలేదని. అదే ఊకె ఊకె అంటే మాటిమాటికీ అని. తీరికకూ తీరని పనికీ ఒకటే మాట!

ఆ మధ్య మేడం, సర్కారు పథకం పైకం చేతికందితే ఆడవాళ్ళు దవాఖానకు పోతున్నారా అని పరిశోధన మొదలుపెట్టారు. పరకాల అవతల ఒక ఊళ్ళో యాకమ్మ దొరికింది. బిందె ఎత్తితే ఆయాసం. పైకం అందింది, దవాఖానకు మాత్రం పోలేదు. ఏం పని చేస్తావని మేడం అడిగితే, పిడకలు కొడుతూనే చెప్పింది:

"ఊకెనే ఉంటున్న."

సదానందం చెవులు మూసుకున్నాడు. మేడం మాత్రం చివాట్లు పెట్టలేదు. మరి దవాఖానకు ఎందుకు పోలేదని మెల్లగా అడిగారు.

"నేను పోతే బర్రెను ఎవరు చూడాలె? మంచంల ఉన్న మా అత్తకు బువ్వ ఎవరు పెట్టాలె?"

మేడం కొంగు నడుముకు చెక్కారు. "నేనున్న గద. సదానందం, అక్కను ఎక్కించుకో."

రక్తం బాగా తగ్గిందనీ, ఇంకొన్నాళ్ళు ఆగితే ప్రాణం మీదికొచ్చేదనీ చెప్పి డాక్టరు సూది వేసింది, వారం వారం రమ్మంది. పొద్దుగూకే వేళకు ఆటో తిరిగొచ్చేసరికి అన్నం జావ అయింది, బర్రె పాలు చేపనేలేదు, ముసలమ్మే మంచం మీద లేచి కూర్చుని మేడంకు విసనకర్రతో విసురుతోంది.

"ఈ బిడ్డకు ఏ పనీ రాదే యాకమ్మా," అంది జాలిగా.

ఆ సూదులు సాగినన్ని వారాలూ మేడం హాజరు. ఒకరోజు యాకమ్మ పెనిమిటి మొగిలయ్య, పరిశోధన ఇంకా ఒడవలేదా అని అడిగాడు. బర్రె పొదుగు పట్టుకుని తంటాలు పడుతున్న మేడం తలెత్తకుండానే జవాబిచ్చారు.

"ఊకెనే వచ్చిన."

యాకమ్మను అప్పుడే దింపిన సదానందం ఇన్నాళ్ళూ కాచుకున్నది ఈ ఘడియకే.

"ఊకెనా మేడం, ఊకె ఊకెనా?"

మేడంకు నవ్వాగలేదు. బర్రె బెదిరి చెంబు తన్నేసింది.