మౌస్ లేని బల్ల

ఇండోనేషియాలో, బాండుంగ్‌లోని ఆ ఆఫీసులో యాయత్ బల్ల మీద మాత్రం మౌస్ ఉండదు. తెర మీద విండోలు తెరవడం, పక్కపక్కన సర్దడం, మూయడం అన్నీ మీటల మీద అతని వేళ్లే చూసుకుంటాయి. "అన్నా, నీ కంప్యూటర్ ఎత్తుకెళ్లిన దొంగ మర్నాడే తెచ్చి ఇచ్చేస్తాడు," అని పక్క కుర్చీ లిలిస్ ఏడిపిస్తే, తలెత్తకుండానే నవ్వుతాడు. ఇవాళ అతను టీ తాగి వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. తెర మధ్యలో తను తెరవని విండో ఒకటి అడ్డంగా ఉంది. చదివేలోపే వేళ్లు అలవాటుగా దాన్ని మూసేశాయి; సేవ్ చేయని ఆ రాత దాంతోపాటే పోయింది. కంటికి అందింది మొదటి ముక్కే: "అన్నా, అందరం బక్సో తినడానికి పోతున్నాం, నువ్వూ రా, ఎక్కడికంటే..." ఆ ఒక్క విండో తెరవడానికి లిలిస్ ఎంత తంటాలు పడి ఉంటుందో అతనికి తెలుసు. గబగబా ఫోన్ తీశాడు. ఇన్నేళ్లుగా పక్కన కూర్చున్న మనిషి నంబరు అందులో లేదు.