మూడో గేరులో నిద్ర

మా వదినకు నిద్ర పట్టదని మా ఇంట్లో అందరికీ తెలుసు. వదినంటే మా ఆయన అక్క. నేను కాపురానికి వచ్చిన కొత్తలో తెల్లారి లేచి చూస్తే ఆమె అప్పటికే మిషను ముందు కూర్చుని ఉండేది. "ఎప్పుడు లేచావు వదినా?" అంటే "పడుకుంటే కదా లేవడానికి" అనేది. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖం ఎరగదు అంటారు పెద్దలు. మా వదిన దగ్గర ఆ సామెత తిరగబడింది. సుఖమైన నిద్ర ఎలా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు. అది ఎక్కడ పోయిందో కూడా తెలుసు. అక్కడికి మళ్లీ వెళ్లే దారే తెలియదు.

ఆమె పని లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టడం. వీధి వైపు గది నిండా మైనం వాసన, మందపాటి గుడ్డల మడతలు, మధ్యలో నల్లటి బరువైన మిషను. మూలలు మాత్రం దబ్బనంతో చేత్తోనే కుట్టేది. నేను గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని చదువుకునేదాన్ని. నాకు 'పుస్తకం' అని పేరు పెట్టింది ఆమే. "ఏం పుస్తకం, ఈ కొస కాస్త పట్టుకుంటావా?" అని పిలిచేది. పొడవాటి తిన్నని కుట్టు పడేటప్పుడు మిషను టకటకమని ఒకే ఊపులో పోతుంటే ఆమె రెప్పలు బరువెక్కడం చాలాసార్లు చూశాను. ఒకసారి అలాగే సూది వేలిలో దిగింది. "మంచం ఉండగా మిషను దగ్గర కునుకేమిటి వదినా?" అంటే నవ్వి ఊరుకుంది.

వాళ్ల అమ్మ పోయినప్పుడు తమ్ముణ్ని, అంటే మా ఆయన్ని, పిన్ని తీసుకెళ్లింది. ఈమె మాత్రం నాన్న కాళ్లు చుట్టేసుకుని వదల్లేదట. ఆయన లారీ డ్రైవరు. చేసేది లేక పిల్లను లారీలోనే పెట్టుకుని తిరిగాడు. డ్రైవరు సీటు వెనక ఒక చెక్క పలక, దాని మీద దుప్పటి. అదే ఇల్లు. ఆ లారీ చేతులు మారాక ఇళ్లు మారాయి, మంచాలు మారాయి, నిద్ర మాత్రం ఆ పలక మీదే ఉండిపోయింది. ఇదంతా ఆమె ఒక్కసారి కూర్చుని చెప్పింది కాదు. దారం తెగినప్పుడొక ముక్క, సూది మార్చేటప్పుడొక ముక్క.

ఒకరోజు పళ్ల డాక్టరు మా గుమ్మంలోకి వచ్చాడు. పళ్ల కోసం కాదు, పాత లారీకి సీటూ పడకా కుట్టించుకోవడానికి. ఆయనకూ ఆయన స్నేహితులకూ పాత లారీలంటే పిచ్చి. కంపెనీలే మరిచిపోయిన బండ్లను ఎక్కడెక్కడి నుంచో లాక్కొచ్చి, ఊరి చివర ఒక షెడ్డులో వాటికి ప్రాణం పోస్తుంటారు. ఈ లారీ రాళ్ల క్వారీలో ముళ్లకంపల మధ్య దొరికిందట.

"కొలతలు బండి మీద తీసుకోవాలి డాక్టరు గారూ, కాయితం మీద కాదు" అని వదిన టేపు మెడలో వేసుకుంది, నన్నూ లాక్కెళ్లింది.

షెడ్డులో అది పొడుగు ముక్కుతో, ముదురాకుపచ్చ రంగుతో నిద్రపోతున్న జంతువులా ఉంది. దాని కింద నుంచి రెండు కాళ్లు కనిపిస్తున్నాయి. అవి బండ్లు బాగుచేసే మేస్త్రీవి. వదిన క్యాబిన్‌లోకి ఎక్కి ఎంతకీ దిగలేదు. తొంగి చూస్తే పలక మీద వెల్లకిలా పడుకుని ఉంది.

"కొలుస్తున్నావా వదినా?"

"ఊఁ."

"దేన్ని?"

"నన్ను. అప్పుడు కాళ్లు ఆ గోడకి అందేవి కావు."

దిగి వచ్చి డాక్టరునే అడిగింది. "ఇది ఇంతకు ముందు ఎవరిదండీ?"

"ఇంజను మీద పోత పోసిన తేదీ చూసి ఏ ఏడాది బండో చెప్పగలనమ్మా. తలుపు బిగించిన తీరు చూసి ఎక్కడ కట్టారో చెప్పగలను. ఎవరు నడిపారన్నది ఇనుము చెప్పదు. నాకూ అదొక్కటే వెలితి. ఎందుకడిగారు?"

"మా నాన్నదేమోనని."

బండి కింది కాళ్లు కదిలాయి. "ఇలాంటివి వేలల్లో తిరిగాయక్కా. అన్నిట్లోనూ ఇదే పలక" అన్నాడు మేస్త్రీ.

"పలక కాదు మేస్త్రీ. మా లారీ మూడో గేరులో ఒక చప్పుడు చేసేది. చెక్కకి చెవి ఆనిస్తే వినపడేది. అది వింటే చెప్పేస్తాను."

డాక్టరు ముఖం వెలిగిపోయింది. అప్పటికప్పుడే బండి తీశారు. వదిన పలక మీద చెవి ఆనించి పడుకుంది. మేస్త్రీ రెండుసార్లు క్లచ్ తొక్కి మూడో గేరు వేశాడు. లారీ నూనె పోసినట్టు సాగింది. చప్పుడనేదే లేదు. డాక్టరు వెనక్కి తిరిగి "ఎలా ఉందమ్మా?" అన్నాడు గర్వంగా.

"హాయిగా ఉందండీ" అంది వదిన లేచి కూర్చుంటూ. "మాది కాదు."

ఇంటికొచ్చాక ఆ మాటే ఎత్తలేదు. పరుపు మాత్రం శ్రద్ధగా కుట్టింది, అంచులకు రెండు వరసలు వేసి మరీ. ఆ రోజుల్లో ఆమె రెప్పలు మిషను దగ్గర కూడా వాలలేదు. "ఎవరిదో బండికి ఇంత గట్టి కుట్టెందుకు వదినా?" అన్నాను. "ఎవరి పిల్ల పడుకుందో అందులో" అంది.

పరుపు బిగించడానికి మళ్లీ షెడ్డుకు వెళ్లాం. మూల కుట్టు వేస్తుంటే గుడ్డ జారిపోతోంది. బరువు పెట్టడానికి వదిన చుట్టూ చూసి, తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన ఇనుప పళ్ల చక్రమొకటి తెచ్చుకుంది. దాన్ని గుడ్డ మీద పెట్టబోతూ ఆగిపోయింది. బొటనవేలు పళ్ల మీదుగా జరిగి ఒకచోట నిలిచింది. అక్కడ ఒక పన్ను కొస విరిగి ఉంది.

"మేస్త్రీ, ఇదెక్కడిది?"

"దీనిదే అక్కా. మూడో గేరు. టకటకమని ఒకటే గోల. డాక్టరు గారు ఊరుకుంటారా? ఎక్కడ పాడు పన్ను కనపడినా పీకాల్సిందే కదా ఆయన."

వదిన ఆ చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డాక్టరు ఆమెను చూశాడు, చక్రాన్ని చూశాడు.

"మూడు నెలలు వెతికించి కొత్తది వేయించానమ్మా" అన్నాడు మెల్లగా. "బాగు చేస్తున్నాననుకున్నాను."

"బాగానే చేశారు డాక్టరు గారూ. మీకేం తెలుసు?"

"మేస్త్రీ, పాతది మళ్లీ వెయ్యి."

మేస్త్రీ చేతిలోని రెంచి కింద పెట్టేశాడు. "నా వల్ల కాదు. బంగారం లాంటి గేరు తీసి బోసి గేరు వెయ్యమంటారా? తోటివాళ్లు నవ్విపోతారు."

"నవ్వనీ. ఒక్కసారి."

మేస్త్రీ తల గోక్కున్నాడు. వదిన వైపు చూడకుండా, "కొస మాత్రమే పోయింది లెండి. సరుకు ఎత్తకుండా మెల్లగా పోతే ఏం కాదు" అని గొణిగి, మూలనున్న డబ్బా బోర్లించి దాని జత చక్రాన్ని కూడా తీశాడు. పాతది పారేసే జాతి కాదు వాళ్లది.

గేర్‌బాక్స్ విప్పి బిగించేసరికి మళ్లీ సెలవు రోజు వచ్చింది. మబ్బు పట్టిన మధ్యాహ్నం. మేస్త్రీ నడుపుతున్నాడు, పక్కన డాక్టరు. వదిన తాను కుట్టిన పరుపు పక్కకు తోసేసి ఉత్త పలక మీద చెవి ఆనించి పడుకుంది, అప్పటిదాకా మిగిలిన మూల కుడుతున్న దబ్బనం చేతిలో అలాగే ఉంది. నేను ఆమె కాళ్ల దగ్గర ముడుచుకుని కూర్చున్నాను. ఊరు వెనకబడింది. రోడ్డు మెల్లగా ఎత్తెక్కుతోంది. మేస్త్రీ రెండుసార్లు క్లచ్ తొక్కాడు.

టకటకటకటక.

ఆ చప్పుడు నాకు కొత్త కాదు. మా వీధి గదిలో ఇన్నేళ్లూ విన్నదే. పొడవాటి తిన్నని కుట్టు. ఎవరో ఈ రోడ్డు అంచునూ ఆకాశం అంచునూ కలిపి కుట్టుకుంటూ పోతున్నట్టు ఉంది. చెట్లు వెనక్కి తేలిపోతున్నాయి. ఎంత దూరం వెళ్లామో నాకు తెలియలేదు.

డాక్టరు ముందుకే చూస్తూ, "ఏమంటారమ్మా? అదేనా?" అన్నాడు.

దబ్బనం వదిన వేళ్లలోంచి జారి నేల మీద పడింది. రెప్ప కదల్లేదు. పక్క గదిలో సూది పడితే లేచే మనిషి.

"గురక వినండి డాక్టరు గారూ" అన్నాడు మేస్త్రీ. "ఇంకేం చెప్పాలి?"

చదునైన రోడ్డు వచ్చింది. వెనక కార్లు హారన్లు మొదలుపెట్టాయి. అలవాటు కొద్దీ మేస్త్రీ చెయ్యి గేరు కడ్డీ మీదికి పోయింది. డాక్టరు ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు.

"నాలుగోది వద్దు."

"మనం తిరగాల్సిన మలుపు దాటిపోయిందండీ."

"దాటనీవయ్యా."

నేను దబ్బనం తీసి, వెంట తెచ్చుకున్నా అప్పటిదాకా తెరవని నా పుస్తకంలో పెట్టుకున్నాను.