పలకరింపుకొచ్చి కాళ్లు పట్టినవాళ్లు

"మేడమ్, మీ చెప్పు డ్రైవర్ సీటు దగ్గర పడుంది" అని ఒక కాలేజీ అమ్మాయి చెప్పేదాకా నా కాలికి చెప్పు లేదని నాకు తెలియదు. నేను సిటీ బస్సులో కండక్టర్‌ని. ఆ రోజు పొద్దుటి డ్యూటీ. బస్సు కిక్కిరిసి ఉంది. ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా ఆడవాళ్లకు ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు కొట్టుకుంటూ వచ్చాను. అంత దూరమూ ఒక కాలికి చెప్పు లేకుండానే నడిచానన్నమాట. కిందికి చూసుకుంటే పాదం ఇనుప రేకు మీదే ఉంది గానీ, ఆ గరుకు నాకు తెలియడం లేదు. తిమ్మిరెక్కిందనుకుని నేలకేసి కొట్టాను. ఆ కొట్టినదీ తెలియలేదు.

అంతకు ముందు వారం విరేచనాలతో రెండు రోజులు పడుకున్నాను. నీరసం ఇంకా పోలేదులే అనుకున్నాను. సాయంత్రం సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర బస్సు దిగబోతే మోకాళ్లు మడతపడి ఫుట్‌బోర్డు మీదే కూర్చుండిపోయాను. మా డ్రైవర్ యాదగిరన్న ఇంజన్ ఆపి పరుగెత్తుకొచ్చాడు.

"ఏందక్కా, గిట్ల కూలవడ్డవ్?"

"ఏం లేదన్నా, కాలు తిమ్మిరి."

"తిమ్మిరైతే మనిషి గిట్ల పడుతదా? జెర డాక్టర్‌కు సూపియ్యి."

చూపిస్తాలే అన్నాను. తెల్లారి బాత్రూంలో కింద కూర్చుని మళ్లీ లేవలేకపోయాను. మా ఆయన రమేశ్, మా అత్తమ్మ చెరో రెక్కా పట్టుకుని లేపారు. మధ్యాహ్నానికి చేతిలోంచి చెంచా జారిపోయింది. అప్పుడు భయమేసింది.

ఆస్పత్రిలో న్యూరాలజిస్టు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టాడు. కాలు కదల్లేదు. రెండోదీ అంతే. "రిఫ్లెక్సెస్ లేవు" అని పక్కనున్న జూనియర్‌తో అన్నాడు. వెన్నులోంచి నీరు తీశారు, సీఎస్‌ఎఫ్ పరీక్షకు. నెర్వ్ కండక్షన్ స్టడీ అని కాళ్లకూ చేతులకూ వైర్లు పెట్టి కరెంటు షాకులిచ్చారు. తర్వాత ఆయన మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని చెప్పాడు.

"దీన్ని గులియన్ బారీ సిండ్రోమ్ అంటారమ్మా. జీబీఎస్. రోగాలతో పోరాడాల్సిన శక్తే పొరపాటున మీ నరాల మీద పడింది. కాళ్ల నుంచి పైకి పాకుతుంది. చాలామంది కోలుకుంటారు, కానీ నెలలు పడుతుంది. ఇప్పుడు నాకు భయం మీ కాళ్ల గురించి కాదు, ఊపిరి గురించి. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో లెక్కపెట్టండి."

"మనుషుల్ని లెక్కపెట్టడమే నా పని సార్" అన్నాను గొప్పగా. పది దాటకముందే ఊపిరి అయిపోయింది. ఆయన నవ్వలేదు. ఐసీయూకి మార్చమన్నాడు.

ఐసీయూలో ఐవీఐజీ అనే మందును ఐదు రోజులు ఎక్కించారు. వెంటిలేటర్ మెషీన్‌ను తెచ్చి నా తల పక్కనే పెట్టారు, ఏ గంటకైనా అవసరం రావచ్చని. దాని వంక చూస్తూ, నీతో నాకు పని లేదు పో అని లోపల్లోపల తిట్టుకుంటూ లెక్కపెట్టేదాన్ని. రోజుకు ఒకటి, రెండు అంకెలు పెరిగాయి. మెషీన్ వాడాల్సిన అవసరం రాకుండానే నన్ను వార్డుకు మార్చారు. అక్కడి నుంచి ఇంటికి పంపారు. నడుము కింద మాత్రం ఏమీ కదలడం లేదు, చేతులకూ ఇంకా పట్టు రాలేదు.

"డ్యూటీకి ఎప్పుడెళ్లొచ్చు సార్?" అని డిశ్చార్జి రోజు అడిగాను.

"ముందు కూర్చోవడం, తర్వాత నిలబడటం. డ్యూటీ సంగతి అప్పుడు చూద్దాం" అన్నాడు.

పదిహేనేళ్లుగా నిలబడి బతికినదాన్ని నేను. నాకు కావలసింది ఒక్కటే, నా కాళ్ల మీద నేను నిలబడి మళ్లీ బస్సెక్కాలి. ఎవరేం చెప్పినా అందులోంచి ఒక్క మెట్టు కూడా దిగదలచుకోలేదు.

మాది చిలకలగూడలో కింది వాటా. ముందు గదిలో మంచం వేసి నన్ను పడుకోబెట్టారు. మా ఆయనకు కార్ఖానా ఏరియాలో కార్ల ఏసీలు బాగుచేసే పని, పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడు. అత్తమ్మ మోండా మార్కెట్లో కూరగాయలు అమ్మి అమ్మి మోకాళ్లు అరగ్గొట్టుకున్న మనిషి, వంట తన మీద వేసుకుంది. నన్ను తిప్పడం, కడగడం, మందులివ్వడం మా అమ్మాయి శ్రావణి వంతు. దానికి ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ మానేసి ఇంట్లో కూర్చుంది.

అప్పుడు పలకరింపులు షురూ అయ్యాయి. తప్పు పట్టడం లేదు, అందరూ ప్రేమతోనే వచ్చారు. కానీ ఒక్కొక్కరు గంటన్నర తక్కువ కాకుండా కూర్చునేవాళ్లు. బత్తాయిలు గుట్టలు పడ్డాయి, వాటిని ఒలిచి పెట్టేవాళ్లు లేరు. వచ్చినవాళ్లకు టీ పెట్టాలి కదా, శ్రావణి పుస్తకం పొయ్యి పక్కన బోర్లించి టీ పెట్టేది. అది పెట్టేలోగా ఇంకొకరు వచ్చేవారు. "మా ఆడపడుచు తోడికోడలికి సుత గిట్లనే అయింది, పాపం" అని మొదలుపెట్టి, నా మొహం చూసి మధ్యలో ఆపేసిన పెద్దమ్మ ఒకరు. పావురం నెత్తురు రాస్తే కాళ్లొస్తాయని చెప్పిన మేనమామ ఒకరు. పావురమేం పాపం చేసింది మామా అని అడిగితే ఆయనకు కోపమొచ్చింది. పోయేటప్పుడు మాత్రం అందరిదీ ఒకటే మాట, "ఏమన్నా అవసరముంటే ఫోన్ కొట్టు." ఫోన్ పట్టుకోవడానికి నా వేళ్లు ముడుచుకుంటే కదా!

ఫిజియోథెరపిస్టు మేడమ్ వారానికి మూడు రోజులు వచ్చేది. ఒక రోజు నా పాదాన్ని పైకి నెట్టి చూసి, మొహం అదోలా పెట్టింది.

"యాంకిల్ టైట్ అయిపోతోంది. నేను చూపించిన స్ట్రెచ్ రోజూ చేస్తున్నారా?"

శ్రావణి తల వంచుకుంది. "టైం దొరుకుతలేదు మేడమ్" అంది.

"ఇలాగే బిగుసుకుపోతే, నరాలు కోలుకున్నా మడమ నేలకు ఆనదమ్మా. మడమ ఆనకపోతే నిలబడలేరు. నేనొచ్చినప్పుడు చేస్తే సరిపోదు. పొద్దుణ్నుంచి రాత్రి దాకా ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు చేయాలి."

ఆవిడ వెళ్లాక శ్రావణి వంటింట్లో ఏడ్చింది. నాకు వినబడింది. లేచి వెళ్లి దాని తల నిమరలేకపోయాను. ఈ రోగంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కాల్చింది అదే.

ఇదంతా గుమ్మంలో నిలబడి విన్నారు పై వాటా సత్యవతి గారు. వాళ్లది రాజమండ్రి వైపు. ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్లైనా ఆ యాస పోలేదు, ఆ పెత్తనమూ పోలేదు. స్వగృహ ఫుడ్స్ దుకాణం నడుపుతారు. నాకోసం సున్నుండలు తెచ్చారు. ఆ డబ్బా అక్కడ పెట్టి వెళ్లి, తర్వాతి సారి ఫిజియో మేడమ్ వచ్చినప్పుడు కిందికి దిగి, "ఇది ఎవరైనా చెయ్యొచ్చా అండీ, ఏం తేడా చెయ్యదు కదా?" అని అడిగి, తన చేతులతో నేర్చుకున్నారు. మడమను అరచేతిలో పట్టుకోవాలి, ముంజేతితో పాదాన్ని మెల్లగా పైకి నెట్టాలి, కాస్సేపు పట్టి వదలాలి, నొప్పి అంటే ఆపాలి. అంతే.

ఆ సాయంత్రం మా పిన్నత్త బత్తాయిల సంచితో వచ్చింది. సత్యవతి గారు ఎదురెళ్లారు.

"చూట్టానికొచ్చారా? చూశారు కదా. ఇలా మంచం చివర కూర్చోండి. ఈ పాదం మీది. టీ లేదు."

పిన్నత్త బిత్తరపోయి నా వంక చూసింది. నేను కళ్లు మూసుకున్నాను, నవ్వు ఆపుకోలేక. కానీ పట్టింది. పట్టాక ఆ నోటికి కూడా పనికొచ్చే మాట దొరికింది, "నొస్తుందా బిడ్డా?"

ఆ రోజు నుంచి మా ఇంట్లో అదే పద్ధతి. ఆడవాళ్లు వస్తే తలా ఒక పాదం. మగవాళ్లు వస్తే మంచినీళ్ల డబ్బాలు మోయాలి, లేదా గ్లాసులు కడగాలి. యాదగిరన్న స్టీరింగ్ పట్టే చేతులతో మా ఇంటి గిన్నెలన్నీ తోమి బోర్లించి, "ఇంకేమన్న ఉన్నాయా?" అని అడిగేవాడు. డిపోలో నాతో పనిచేసే ఆడవాళ్లు డ్యూటీ దిగి ఖాకీ డ్రెస్సులతోనే వచ్చి చెరో కాలు పట్టుకుని డిపో కబుర్లన్నీ చెప్పేవారు. కాళ్లు పట్టుకోవడమంటే బతిమాలడమనే తెలుసు మనకు. నేనెవరి కాళ్లూ పట్టుకోలేదు, వాళ్లే వచ్చి నా కాళ్లు పట్టుకున్నారు. సత్యవతి గారి పుణ్యమా అని పలకరింపులు పావుగంటకు తగ్గాయి. శ్రావణి మళ్లీ కాలేజీకి పోవడం మొదలుపెట్టింది.

ఒక్క అత్తమ్మ మాత్రం నా కాళ్ల దగ్గరికి రాలేదు. వంట చేసేది, తినిపించేది, తల దువ్వేది, పాదాలు మాత్రం ముట్టేది కాదు. అత్తగారి బింకమేమో అనుకున్నారు సత్యవతి గారు. "మీ చేతుల్లో అంత బలముంది కదండీ, మీరూ పట్టొచ్చుగా?" అని మొహం మీదే అడిగారు.

అత్తమ్మ చేతిలో దువ్వెన పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అంది, "పెద్దోళ్లు చిన్నోళ్ల కాళ్లు పడితే ఆయుష్షు తగ్గుతదమ్మా. నాది గాదు, దానిది. ఇప్పటికే ఒకపారి సావు దాకా పోయొచ్చింది నా కోడలు."

ఆ మాట విని నాకు కన్నీళ్లొచ్చాయి. తుడుచుకోవడానికి చేతులు పైకి రాక, అలాగే చెంపల మీదుగా పోనిచ్చాను.

వానలు పడ్డ రెండు రోజులు ఇంటికి ఒక్కరూ రాలేదు. సత్యవతి గారికి జ్వరం. రెండో రోజు మధ్యాహ్నం అత్తమ్మ దేవుడి పటం ముందు కాసేపు నిలబడింది. మంచం చివరికొచ్చి నా పాదం మీద తువ్వాల కప్పి, దాని మీదుగా పట్టుకుంది.

"మధ్యల తువ్వాల ఉన్నది గదా. నేను కాలు వట్టినట్టు గాదు" అంది, నాతో కాదు, పటంతో.

అప్పటి నుంచి రోజూ అందరికంటే ఎక్కువసేపు పట్టింది అత్తమ్మే. కూరగాయల గంపలెత్తిన చేతులు, వదిలేవి కావు. తొడల్లో కదలిక వచ్చింది, మోకాళ్లు వచ్చాయి, వాకర్ పట్టుకుని కాస్సేపు లేచాను. పాదాలు మాత్రం వేలాడుతూనే ఉన్నాయి. అన్నిటికంటే చివర వచ్చేవి అవేనని డాక్టర్ ముందే చెప్పాడు. అయినా రోజూ మనసులో పాదానికి ఆర్డర్ వేసేదాన్ని, బస్సులో జనానికి వేసినట్టు. జరుగు, ముందుకు జరుగు.

ఒక రోజు చీకటి పడ్డాక అత్తమ్మ ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకుంది.

"ఏమైంది అత్తమ్మా?"

ఆవిడ జవాబు చెప్పకుండా మళ్లీ పట్టుకుంది. నేను మళ్లీ ఆర్డర్ వేశాను. నా బలమంతా పెట్టి కిందికి నొక్కాను. అత్తమ్మ నోరు తెరుచుకుంది. తువ్వాల లాగి అవతల పారేసి, రెండు చేతులతో నా పాదాన్ని గుండెకు హత్తుకుంది.

"తన్నినవే! సునీతా, నన్ను తన్నినవే! ఇంకోపారి తన్ను!"

ఆ కేకలకు మా ఆయన బయటి నుంచి చెప్పులతోనే లోపలికొచ్చాడు. "ఏందమ్మా? ఏమైంది?"

"నీ పెండ్లాం నన్ను తన్నిందిరా!" అని ఏడుస్తూ నవ్వింది.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందని చెప్పను. ఒకసారి వాకర్‌తో సహా పడి మణికట్టు బెణికింది. ఊరికే అలసిపోయేదాన్ని. "తొందరపడి ఒళ్లు అలిసేదాకా చేస్తే వెనక్కి పోతారు" అని డాక్టర్ కోప్పడ్డాడు. కానీ నిలబడిన రోజు నా రెండు మడమలూ నేలకు ఆనాయి. ఫిజియో మేడమ్ వంగి, మడమ కింద వేలు దూరుతుందా అని చూసి, దూరకపోవడంతో లేచి నా వీపు తట్టింది. కొన్నాళ్లు డిపోలో పాస్‌ల కౌంటర్లో కూర్చోబెట్టారు. ఫిట్‌నెస్ పరీక్షలో మెట్లెక్కి దిగమన్నారు. ఎక్కాను, దిగాను.

ఇప్పుడు బస్సు మీదే డ్యూటీ. కుడికాలి వేళ్లలో మొద్దుతనం ఇంకా ఉంది. అందుకే చెప్పులు మానేసి లేసులున్న బూట్లు వేసుకుంటున్నాను. సెలవు రోజుల్లో నాకూ పలకరింపులున్నాయి. మొన్న బోయిగూడలో స్ట్రోక్ వచ్చి పడుకున్న ఒక మెకానిక్ ఇంటికి వెళ్లాం నేనూ, మా అత్తమ్మా. ఆయన భార్య స్టవ్ వెలిగించబోయింది. "టీ వద్దు చెల్లె. డాక్టర్ ఏం చేయమన్నడో చెప్పు, ఎట్ల చేయాల్నో సూపియ్యి" అన్నాను. ఆవిడ చూపించింది. నేను ఆయన చేతి వేళ్లు ఒక్కొక్కటీ విప్పి ముడుస్తుంటే, ఆవిడ వెళ్లి తీరుబడిగా స్నానం చేసి వచ్చింది. తడి జుట్టుతో వచ్చి, మొన్నటి నుంచి తలకు నీళ్లు పోసుకునే తీరిక లేదక్కా అని చెప్పింది. మేం చేసిన సాయం అంతే.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది కూడా అదొక్కటే. రోగిని చూడటానికి వెళ్తే "ఏమన్నా అవసరముంటే చెప్పండి" అనకండి, ఎవరూ చెప్పరు. ఆ ఇంట్లో ఆగిపోయిన పని ఏదో అడగండి, అది ఎలా చేయాలో నేర్చుకోండి, చేసి, మీ గ్లాసు మీరే కడిగి రండి.

అత్తమ్మ ఇప్పటికీ మోండా మార్కెట్‌కు నా బస్సే ఎక్కుతుంది. పక్కన కూర్చున్నవాళ్లు ఎవరైనా సరే, నా వైపు చెయ్యి చూపించి, "గా కండక్టరమ్మ నా కోడలే. ఒకపారి నన్ను తన్నింది" అని గొప్పగా చెబుతుంది. వాళ్లు గుడ్లురిమి నా వంక చూస్తారు. నేను టికెట్ కొట్టి చేతిలో పెట్టి, బూటు లోపల వేళ్లు ఒకసారి ముడిచి చూసుకుని, ముందుకు జరుగుతాను.