దోమతెరలో కరివేపాకు

మా పెరట్లో నూటపాతిక రకాల సీతాకోకచిలుకలున్నాయని మొన్న రేపల్లెలో ఒక పెళ్లి భోజనంలో చెప్పాను. పక్కాయన పప్పు కలుపుకోవడం ఆపి మరీ విన్నాడు. నిజానికి నాలుగు రకాలు. నాలుగోది చిమ్మటేమోనని నాకే అనుమానం. అమృతలూరు బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, అంకెలతో చనువెక్కువ.

తెనాలి చివర ఇల్లు మాది. రెండు మంచాలు వేస్తే పెరడు నిండిపోతుంది. అందులోనే ఒక నిమ్మచెట్టు, ఒక కరివేపాకు చెట్టు. పురుగుమందు కొట్టను, ఎండాకులు ఊడ్వనివ్వను, పిట్టలకు మూకుడులో నీళ్లు పెడతాను. నిమ్మ నాది. కరివేపాకు మా ఆవిడది. దాని మొదట్లో రోజూ పుల్లమజ్జిగ పోస్తుంది. పొద్దున్నే గోడ అవతల నుంచి, "పిన్నిగారూ, రెండు రెబ్బలు" అని పిలుపు వస్తుంది. వీధిలో సగం తాలింపులు ఆ చెట్టువే.

ఈ వానలకు నిమ్మచెట్టు మీద గొంగళిపురుగులు పుట్టాయి. మొదట పిట్టరెట్టలా ఉండి, తర్వాత పచ్చగా బలిశాయి. వేలితో తాకితే తలలోంచి ఎర్రటి కొమ్ములు బయటపెడతాయి. నాకు ముచ్చటేసింది. పిగిలిపిట్టకు ఇంకా ముచ్చటేసి, రోజూ రెండు మూడు ఎత్తుకుపోయింది. నేను పెట్టే నీళ్లకు మరిగిన పిట్టే. దాన్ని తోలాలో, పురుగుల్ని దాచాలో తోచలేదు.

ఆ వారమే బాపట్ల నుంచి మా మరదలు ఫోన్ చేసింది. నెల్లాళ్ల జ్వరం నుంచి లేచిన మనిషి, ముద్ద దిగడం లేదు. "అక్కా, నీ చేతి కరివేపాకు పొడైతే తింటానేమోనే" అంది. ఆదివారం తెస్తానని మా ఆవిడ మాటిచ్చింది. లేతాకుకు పురుగు పట్టకుండా చెట్టును పాత దోమతెరతో కప్పి, కింద తాడు బిగించింది.

నాకు అందులో పిట్ట ముక్కు దూరని చోటు కనిపించింది. తాడు వదులుచేసి, మిగిలిన పురుగులన్నిటినీ లోపల వదిలి, మళ్లీ ముడివేశాను. నాలుగాకులు తింటే పోయేదేముంది అనుకున్నాను.

ఆదివారం పొద్దున తెర ఎత్తితే పుల్లలు మిగిలాయి.

"మేక పడిందేమో" అన్నాను.

"ముడి విప్పుకుని లోపలికెళ్లి, తిని, మళ్లీ ముడేసి పోయిందాండీ?"

"నేనే పెట్టానులే. పన్నెండు పురుగులు."

ఇరవై ఒకటి. నేను లెక్క తగ్గించి చెప్పడం జన్మలో అదే మొదలు.

ఆవిడ గిన్నె తీసుకుని గోడ దగ్గరకు వెళ్లింది. "అమ్మాయ్, కాస్త కరివేపాకు ఉందా?" అంది. ఇన్నేళ్లలో ఆ మాట గోడకు ఇవతల నుంచి వినడం అదే మొదటిసారి.

"మీరిచ్చిన పిలకే కదా పిన్నిగారూ ఇది" అంటూ ఆ అమ్మాయి కొమ్మలే విరిచి ఇచ్చింది. "మీ చెట్టుకు ఏమైందండి?"

"మీ బాబాయిగారు మేపారమ్మా."

పొడి చేసి, మధ్యాహ్నం రైలుకు బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. "గిన్నెలో మజ్జిగుంది. చెట్టు మొదట్లో పొయ్యండి."

"మరి తెరో?"

"మీ ఇష్టం."

ఇష్టమేంటో తెలిస్తే కదా. పుల్లలకు పురుగులు గూళ్లు కట్టుకుని ఉన్నాయి. తెర తీస్తే పిట్ట వస్తుంది. మూసి ఉంచితే పుట్టిన సీతాకోకచిలుకలు ఎటు పోతాయి? ఎగిరిపోయినవి, చెట్టు చిగురేసేసరికి మళ్లీ గుడ్లు పెట్టడానికి ఇక్కడికే వస్తాయి. అసలు ఆ చిగురు వేసేది ఆవిడ మజ్జిగకు. పెళ్లిలో నేను చెప్పుకున్న తోట నాదో ఆవిడదో కూడా తేలలేదు.

సాయంత్రం మరదలు ఫోన్ చేసింది. "బావగారూ, రెండు ముద్దలు తిన్నాను. పురుగులు పన్నెండేనటగా?"

"ఇరవై ఒకటమ్మా."

వెనక నుంచి మా ఆవిడ గొంతు వినపడింది. "గూళ్లు లెక్కపెట్టే వచ్చానని చెప్పు."

మజ్జిగ పోశాను. తాడు కొస మాత్రం ఇంకా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.