పాడె మోసినవాడికి చెప్పని మాట

ఇదివరకు పొద్దు పొడవకముందే మోటరు వేయడానికి లింగన్న పొలానికి పోయేవాడు. భార్య ఇంద్రమ్మ వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పు చల్లేసరికి తిరిగి వచ్చేవాడు. ఇప్పుడు ఆ పని మరిది మొగిలి చేస్తున్నాడు. తన పొలానికీ వదినె పొలానికీ కలిపి ఒకటే నడక. లింగన్నకు పది నిమిషాలు పట్టే దారిలో మొగిలి రెండుసార్లు కూర్చుంటాడు, కాలువ కట్ట మీద చెయ్యి ఆనించి దగ్గుతాడు. అతను లేచేదాకా వాకిట్లోంచి చూస్తూ ఇంద్రమ్మ చీపురు ఆడించదు.

లింగన్న పోయింది కరోనా రెండోసారి వచ్చినప్పుడు, ఎండాకాలంలో. జగిత్యాలలో పరీక్ష చేయించుకుంటే ఉన్నదని చీటీ ఇచ్చారు. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఐదో రోజు ఇంట్లోనే ఊపిరి ఆగింది. అంతకు వారం ముందే పక్క ఊరిలో ఒకాయన పోతే పాడె పట్టేవాళ్లు లేక పంచాయతీ ట్రాక్టరులో తీసుకుపోయారు. డప్పు కూడా లేదు. ఇంద్రమ్మ కళ్లలో అదే తిరిగింది. అడిగినవాళ్లందరికీ గుండె ఆగిందని చెప్పింది. పంచాయతీ కార్యదర్శి చావు కాగితంలో అదే రాశాడు. చీటీ పట్టా పాసుబుక్కు కవరులోకి పోయింది.

జనం వచ్చారు. డప్పు మోగింది. పాడె ముందు కొమ్ము మొగిలి ఎత్తుకున్నాడు. ఎనిమిది రోజులకు అతనూ కరోనాతో మంచం పట్టాడు. ఉచిత బియ్యం వరుసలో అంటుకుని ఉంటుందని అందరూ అన్నారు. ఇంద్రమ్మ కూడా ఊఁ అంది. ప్రాణం నిలిచింది గానీ ఛాతీ మునుపటిలా కాలేదు.

మళ్లీ మాఘమాసం వచ్చింది. పసుపు తవ్వి, ఉడకబెట్టి వాకిట్లో ఆరబోశారు. మగమనిషి లేక తవ్వకం ఆలస్యమై సగం పంట చెడింది. చేతిలో నాలుగు డబ్బులు పడకపోతే పసుపు వేసిన ఎకరం కౌలుకు ఇచ్చుకోవాల్సిందే. అప్పుడే మీసేవ నడిపే శ్రవణ్, కరోనాతో పోయినవాళ్ల ఇళ్లకు సర్కారు యాభై వేలు ఇస్తున్నదని ఎవరితోనో అంటుంటే ఇంద్రమ్మ విన్నది. చావు కాగితంలో వేరే రాసి ఉంటే ఎట్లా అని అడిగింది.

"పరీక్ష చీటీ ఉంటే నడుస్తది పెద్దమ్మా. గని ఆఫీసోళ్లు ఊర్లెకచ్చి అడుగుతరు. పాడె మోసినోళ్లను గూడ అడుగుతరు. అయినా గుండెపోటుకు చీటీ యాడిది?" అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. ఎవరో వచ్చి అడిగితే మొగిలికి తెలిసే కన్నా తన నోటితో తెలియడమే మేలనుకుంది. ఆ మధ్యాహ్నం పసుపు తిరగేయడానికి మొగిలి వస్తే, అతని పక్కన కూర్చుని చెప్పేసింది.

"మీ అన్నకు కరోనానే మొగిలీ. చీటీ నా కాడ్నే ఉన్నది. దాచిన."

మొగిలి చేతులు పసుపు కొమ్ముల మీదే ఆగిపోయాయి.

"నాకెందుకు చెప్పలె?"

"చెప్తే రావేమోనని."

"ఒక్కసారన్న అడిగి చూస్తివా? అడుగకనే రాడనుకున్నవు. నా అన్నను నేను ఎత్తకపోదునా, వదినె?"

తువ్వాలు భుజాన వేసుకుని లేచిపోయాడు. పెట్టిన అన్నం గిన్నెలోనే ఉండిపోయింది.

మర్నాడు ఇంద్రమ్మ చీటీ తీసుకుపోయి శ్రవణ్‌కు ఇచ్చింది. అతను దాన్ని రెండుసార్లు చదివి దరఖాస్తు నింపాడు. రెండు రోజులు మోటరు తనే వేసుకుంది. మూడో పొద్దున పసుపు గంప దించుతుంటే మొగిలి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. జేబులోంచి ఆధార్ కార్డు తీసి చూపించాడు.

"మోసినోళ్లు ఆఫీసుకే పోయి చెప్పినా నడుస్తదట. శ్రవణ్ అన్నడు. పదింటి బస్సుకు జగిత్యాల పోదాం. నా కోపమైతే పోలేదు."

"ఉండనియ్యి," అంది ఇంద్రమ్మ.

వాకిలి నిండా పసుపు పరిచి ఉంది. ఎండ ఎక్కేలోపు తిరగేయకపోతే కింది పక్క పచ్చిగా మిగిలి, రంగు తగ్గిందని బేరగాడు వంక పెడతాడు. ఇంద్రమ్మ దాన్ని ఒకసారి చూసి, అట్లాగే వదిలేసి, బయటికొచ్చి తలుపు గొళ్లెం పెట్టింది.