పోయొస్తా అనకూడని గేటు

మా నాయన జైలు వార్డరు. సత్యవేడు దాటాక అడవిలో ఉండేది ఆ జైలు. విడుదలైనవాడు గేటు దాటేటప్పుడు "పోయొస్తా" అనకూడదు, "పోతాండా" అనాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. ఇంట్లో ఎవరైనా "పోతా" అంటే అశుభమని అమ్మ నోరు మూయించేది. ఆ గేటు దగ్గర మాత్రం అంతా తలకిందులు. డ్యూటీ దిగేటప్పుడు నాయన కూడా "పోతాండా" అనే బయటికొచ్చేవాడు.

ఖైదీలను టౌను జైలుకు మార్చాక ఆ గదుల్లో పట్టుబడిన ఎర్రచందనం దుంగలు పేర్చారు. అవీ పోయాక వానొస్తే మేకలను తోలేవాళ్లు. ఇప్పుడు మేకలు కూడా ఆ గడప తొక్కవంటారు. నా చెవిలో పూలు పెట్టొద్దని కసురుకునేదాన్ని.

నాయన నా దగ్గరే ఉంటాడు. పోయినేడాది నుంచి మతి సరిగా లేదు. పొద్దు వాలితే చాలు, "లాకప్పు టైమైంది పాపా" అంటూ కర్ర పట్టుకొని అడవి దారి పడతాడు. రెండుసార్లు వెతికి తెచ్చుకున్నాం. ఈసారి దొరక్కపోతే? ఆ భయంతో నాకు కంటిమీద కునుకు లేదు. అక్కడ ఏమీ లేదని కళ్లారా చూపిస్తే పీడ విరగడవుతుందనుకొని, ఒక మధ్యాహ్నం ఆటోలో నేనే తీసుకెళ్లాను.

గేటుకు తీగలు అల్లుకున్నాయి. లోపల పిట్ట కూత కూడా లేదు. నాయన కిటికీ ఊచలను కర్రతో వరసగా కొట్టుకుంటూ పోయాడు. ఊచ కోసి ఉంటే మోత మారుతుంది. వార్డర్లు రోజూ అలాగే కనిపెట్టేవాళ్లు. టంగ్, టంగ్, టంగ్. చివరి గదిలో మోత మొద్దుగా వచ్చింది.

"ఇది కోసినారు పాపా."

"తుప్పు నాయనా, తుప్పు! సరిగ్గా సూడు. ఈడ ఎవురుండారు?"

గదంతా కలయజూశాడు. "ఎవురూ లేరు. అందర్నీ ఇడిసిపెట్టినారు."

"మరింక నీకేం పని ఈడ?"

"ఏం పనుండాది? పోదాం పా."

అమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. ఏడుపొచ్చినంత పనైంది. చెయ్యి పట్టుకొని గేటు దాటించి, ఆయనకు వినబడేలా గట్టిగా "పోతాండాం" అన్నాను.

లోపల ఊచ ఒకటి టంగుమంది. గాలి అనుకుందామంటే ఆకు కూడా కదలడం లేదు.

నాయన నా చెయ్యి విడిపించుకున్నాడు. వెనక్కి తిరిగి, లోపలెవరో పిలిచినట్టు తలూపి, "పోయొస్తా" అన్నాడు.