ఏ ఊరి నీళ్లు తాగుతావు తల్లీ?

మా గణాంకాల సారు పోయారని మొన్న పొద్దున ఆఫీసు బంట్రోతు ఫోను చేసి చెప్పాడు. డివిజనాఫీసులో లెక్కలు చూసి రిటైరైన మనిషి. పేపర్లో రెండు వరుసలు కూడా వెయ్యలేదు. అందుకే నేను రాస్తున్నాను.

పదితో చదువు ఆపేసి, పలాస నెట్ సెంటర్లో గంటకింత అని అద్దె కట్టి సొంతంగా కంప్యూటరు నేర్చుకున్న నన్ను దినకూలీకి ఆయనే పెట్టుకున్నారు. స్క్రీను మీద ప్రతి అంకె కిందా అగ్గిపుల్ల ఆనించి చదివేవారు. నాకు చిరాకొచ్చేది.

అప్పటికే ఉద్దానం ఊళ్లను కిడ్నీ జబ్బు తినేస్తోంది. ఆసుపత్రి వివరాలు చూసి, మంచినీళ్ల ట్యాంకర్లు ముందు ఏ ఊళ్లకు పంపాలో తేల్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఊళ్లవారీగా విడదీస్తే పలాస, టెక్కలి పైనున్నాయి. సముద్రపొడ్డున మా ఊరు అట్టడుగున ఉంది. అక్కడ మా మేనత్త అదే జబ్బుతో మంచం పట్టి ఉంది! కీబోర్డు మీద ఒక్క గుద్దు గుద్దాను.

"ఆ పెట్టెనేటి కొడతావురా? రేపు ఆసుపత్రికి నడు" అన్నారు సారు.

టెక్కలి ఆసుపత్రిలో చీటీ రాసేవాడు ఊరడిగితే, మా ఊరి ముసలమ్మే "టెక్కలి" అంది.

"టెక్కలేటే పెద్దమ్మా? మనూరు సెప్పవేటి?" అని అరిచాను.

"మా సెల్లి ఇంటికాడ దిగినాను కదేటి! దిగిన ఊరే గదా సెప్పాల. మీదపడి కరిసీకు."

వరసలో సగం మందిది అదే తీరు. వైద్యానికి టౌనులో చుట్టాలింట దిగి, ఆ ఊరే రాయిస్తున్నారు. సారు చీటీల బల్ల పక్కన కుర్చీ వేసుకున్నారు. "ఏ ఊరి నీళ్లు తాగుతావు తల్లీ?" అని ఒక్కొక్కరినీ అడిగారు. వానలు పడేదాకా ఆయన సెలవులన్నీ అక్కడే గడిచాయి.

కొత్త పట్టిక చూసి పై అధికారి విసుక్కున్నాడు. "పాతది పంపేశాం కదండీ!"

"తప్పు పంపినాం. సంతకం నాదే, నేనే దిద్దుతాను" అన్నారు సారు.

బయటికొచ్చాక నాతో అన్నారు: "కోపాన్ని వరసల్లో పెట్టరా. అప్పుడాళ్లు సదవక తప్పదు."

మా ఊరికి ట్యాంకరు వచ్చింది. అత్త ఆ నీళ్లు కొన్నాళ్లే తాగింది.

సారు దహనం అయ్యాక నేరుగా ఊరికెళ్లాను. ట్యాంకరు చుట్టూ మావాళ్లు మూగి ఉన్నారు. కాస్త ఎడంగా, పట్టికలో ఇంకా చేరని పక్క పేట ఆడవాళ్లు నిలబడ్డారు.

"మాకెప్పుడు బాబూ?" అంది ఒకామె.

"రేపు మీ పేటకే వత్తన్నాను. ఇంటింటికీ తిరిగి రాసుకుంతాను" అన్నాను.

ఆమె కదల్లేదు. చంకలో ఖాళీ బిందె, చూపు ట్యాంకరు గొట్టం మీద.